రంగులవాడి ఏకపాత్రాభినయం

నేను రంగులు కలుపుతాను. మాటలు కూడా కలుపుతాను గానీ, వాటికి జీతం ఇవ్వరు.

పెయింట్ల దుకాణంలో వెనకగది నాది. ఇంటి గోడ నుంచి ఊడిన పెచ్చు ఒకటి తెచ్చి, సరిగ్గా ఇదే రంగు కావాలంటారు జనం. తెల్లటి బేసు డబ్బా మూత స్క్రూడ్రైవరుతో లేపి, చుక్క చుక్కగా రంగులు వేసి, పుల్లతో కలిపి, అట్టముక్క మీద ఒక మచ్చ పెట్టి, ఫ్యాను కింద ఆరనిచ్చి, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో ఆ పెచ్చు పక్కన పెడతాను. ఏది వాళ్ళ గోడో, ఏది నా గోడో ఎవరూ చెప్పలేరు. పెచ్చులే కాదు, చొక్కా గుండీ తెచ్చినవాళ్ళున్నారు, కర్టెను కొస కత్తిరించి తెచ్చినవాళ్ళున్నారు, పాత గొడుగు తెచ్చి దాని లోపలివైపు రంగు కావాలన్నవాళ్ళున్నారు. తడి రంగు అబద్ధమాడుతుంది, ఆరాకే నిజం చెబుతుంది అనేవాడు నాకు పని నేర్పిన మేస్త్రీ. మనుషుల సంగతి తలకిందులు. గొంతు తడిశాకే నిజం చెబుతారు.

దుకాణంలో నన్ను ‘మైకు’ అంటారు. వెనకగదిలో నేను దగ్గితే ముందుగదిలో బేరం ఆగిపోతుంది. నా నోట్లో నువ్వుగింజ నానదని కూడా అంటారు. నానాలంటే తడి ఉండాలి కదా. వాగీ వాగీ నా నోరు ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది.

మా ఆవిడది ఆసుపత్రిలో ఎక్స్-రేలు తీసే పని. మనిషి లోపల ఏముందో చూడటం ఆవిడ వృత్తి. ఇంట్లో ఆ పనికి మిషను అక్కర్లేదు. ఊపిరి బిగబట్టండి, ఊపిరి బిగబట్టండి అని పగలంతా జనానికి చెప్పి వస్తుంది. ఇంటికొచ్చాక, నేను మాట్లాడుతున్నంతసేపూ ఆవిడే బిగబడుతుంది.

మాకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు రెండు మెతుకులు తిని కిచకిచమంటూ ఎగిరిపోయేది కాబట్టి పిచ్చుక అని పిలిచాను, ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడది ఉద్యోగం చేసే పిచ్చుక. కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే ఆసుపత్రిలో కట్లు కడుతుంది. కిందటి చలికాలంలో ఒకరోజు వచ్చి, జంతువుల నుంచి వచ్చేది ఏదీ ఇక తినను, నేను వీగన్‌ని అంది. మాంసం, గుడ్లు సరే, పాలూ పెరుగూ నెయ్యీ తేనే కూడా వద్దట. వీగన్ అంటే ఏమిటో అర్థమయ్యేలోపే నేను వీగిపోయాను. పొద్దున్న నేను కాఫీలో పాలు పోసుకుంటుంటే, దూడ నోటి దగ్గరిది లాక్కున్నవాణ్ణి చూసినట్టు చూసేది. చూసేదంతే, ఒక్క మాట అనేది కాదు. మా ఇంటి మాటల కోటా అంతా నేనే వాడేస్తాను, పాపం, దానికెక్కడ మిగులుతుంది?

అప్పట్నుంచి మా వంటింట్లో రాత్రిపూట రెండు వంటలు. మా ఆవిడ డ్యూటీ దిగి వచ్చి, చేతిసంచి కుర్చీకి తగిలించి, ఒక పొయ్యి మీద మా ఇద్దరికీ, ఇంకో పొయ్యి మీద పిల్లకీ ఎక్కించేది. నా వంట నేను చేసుకుంటానమ్మా అని పిల్ల అంటూనే ఉండేది గానీ, అది ఇల్లు చేరేసరికే పొద్దుపోయేది. మరి నేనేం చేసేవాణ్ణంటారా, ఉత్సాహపరిచేవాణ్ణి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళని చూశాం గానీ రెండు పొయ్యిల మీద చేతులు పెట్టినదాన్ని నిన్నే చూస్తున్నానని గుమ్మంలో కుర్చీ వేసుకుని జోకులు వడ్డించేవాణ్ణి. ఇంట్లో వేడివేడిగా నేను వడ్డించింది ఇన్నేళ్ళలో అదొక్కటే.

ఒక సాయంత్రం జోరున వాన. పిల్ల తడిసి ఇంటికొచ్చేసరికి మా ఆవిడ పొయ్యి ముందు నిలబడి నిద్రపోతోంది. నుదురు అలమర తలుపుకి ఆనించి ఉంది. చేతిలో గరిటె చేతిలోనే ఉంది. రెండు గిన్నెలూ మాడుతున్నాయి. నేను పక్కగదిలో ఫోనులో ఎవరికో జోకు చెబుతున్నాను. నా నవ్వుకి కిటికీ అద్దాలు అదిరాయి గానీ ఆవిడ నిద్ర చెదరలేదు. పిల్ల పొయ్యిలు ఆపి, గరిటె తీసుకుని, వాళ్ళమ్మని మంచం దాకా నడిపించింది. 

మర్నాడు పొద్దున్న చెప్పింది. తనతో పనిచేసే అమ్మాయి ఆసుపత్రికి దగ్గర్లో ఇల్లు తీసుకుందట. అందులో ఒక గది ఖాళీగా ఉందట. తను అక్కడికి మారిపోతే అమ్మకి ఒక వంట తగ్గుతుందట. శుక్రవారం సాయంత్రం ఆ అమ్మాయి ఫోను చేస్తుంది, వస్తానో రానో అప్పటికి చెప్పెయ్యాలట, లేకపోతే గది ఇంకెవరికో ఇచ్చేస్తారట.

మా ఆవిడ సింకు వైపు తిరిగి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడగసాగింది. పిల్ల చెప్పినదాంట్లో కోపం లేదు, అలక లేదు. అందుకే భయం వేసింది. కోపమైతే తగ్గుతుంది, అలకైతే తీరుతుంది, ఇది లెక్క. నాకు గూడు, పిచ్చుక అంటూ జోకు ఒకటి నాలిక చివరిదాకా వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అలా వచ్చిన జోకు వెనక్కి వెళ్ళిపోయింది. దాని బదులు వేరే మాట బయటపడింది.

“ఇవాళ్టి నుంచి రాత్రి వంట నేను చేస్తాను,” అన్నాను. “ఒకే గిన్నె. ముగ్గురికీ అదే. పాలూ పెరుగూ ఏదీ పడదు. గిన్నె కూడా నేనే తోముతాను.”

గిన్నె ఒకటే అని పట్టుబట్టింది తోమేది నేనే కాబట్టి. త్యాగంలో కూడా కొంచెం ముందుచూపు ఉండాలి.

మా ఆవిడ తిరిగి, ఎక్స్-రే ఫిల్ముని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసినట్టు నన్ను చూసినట్టు చూసింది. ఎక్కడ విరిగిందో దొరికినట్టు లేదు.

“నాన్నా, నీకు గ్యాసు వెలిగించడం వచ్చా?” అంది పిచ్చుక.

“గ్యాసు కొట్టడం వచ్చినవాడికి వెలిగించడం ఎంతసేపే?”

అది నవ్వలేదు. సరే, శుక్రవారం దాకా చూస్తానంది.

దుకాణానికి వెళ్ళగానే అందరికీ చెప్పేశాను. చెప్పకపోతే గింజ నానిపోదూ? ఇకనుంచి మా ఇంట్లో ఏకపాత్రాభినయం అన్నాను. పాత్ర ఒకటే, నటుడు ఒకడే, ప్రేక్షకులు ఇద్దరే, వాళ్ళు పారిపోవడానికి వీల్లేదు అన్నాను. బిల్లులు రాసే ఆవిడ మాత్రం, ప్రేక్షకులు పారిపోకపోతే మంచిదే, పాత్రలో ఉన్నదే పారబోయకుండా ఉండాలి అంది. మా దుకాణంలో నా నోటికి జవాబు చెప్పగలిగింది ఆవిడొక్కతే. అందుకే ఆవిడకి నేనంటే గౌరవం లేదు.

మొదటి వంటకి ఫోనులో ఒక వీడియో ఎంచుకున్నాను. గుమ్మడికాయ, టొమాటో, ఉడికించిన శనగలు, కొబ్బరిపాలు, అన్నీ ఒకే గిన్నెలో. ఎంచుకోవడానికి కారణం రుచి కాదు, రంగు. మా షేడు కార్డులో ‘నిద్రపోయే నారింజ’ అని ఒకటుంది, అచ్చం అదే. షేడు కార్డులకి పేర్లు పెట్టేవాళ్ళు ఎవరో గానీ, ఇంట్లో తిండి లేని కవులు అయ్యుంటారు. బూడిదరంగుని ‘మబ్బు జ్ఞాపకం’ అంటారు, పేడరంగుని ‘తొలి అడవి’ అంటారు.

ఇక రంగంలోకి దిగాను. శనగల డబ్బా మూత స్క్రూడ్రైవరుతో లేపాను. కలపడానికి దుకాణం నుంచి పుల్ల తెచ్చాను, కొత్తదే, ఒట్టు. గిన్నెలో ఉడుకుతున్నదాన్ని పుల్లకొసతో తీసి అట్టముక్క మీద మచ్చ పెట్టాను. ఫ్యాను కింద ఆరబెట్టాను. ట్యూబులైటు కింద రంగు మోసం చేస్తుంది కాబట్టి అట్టముక్కనీ ఫోనునీ పట్టుకుని బాల్కనీలోకి పరిగెత్తి, ఉన్న కాస్త వెలుతురులో పక్కపక్కన పెట్టి చూశాను. ఎరుపు తక్కువైంది. ఇంకో టొమాటో. మళ్ళీ మచ్చ, మళ్ళీ ఫ్యాను, మళ్ళీ బాల్కనీ. ఎదురింటి మేడ మీద బట్టలు తీస్తున్నాయన నన్నే చూస్తుంటే, వంట చేస్తున్నానండీ అని కేక వేశాను. ఆయన బట్టలు సగం వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు.

ఉప్పు దగ్గర మాత్రం చిక్కొచ్చింది. వీడియోలో ఆవిడ ‘తగినంత’ అంది. ఎవరికి తగినంత? మా వెనకగదిలో తగినంత అనే మాట లేదు. నాలుగు చుక్కలంటే నాలుగు చుక్కలే. ఏనుగంత గిన్నె కదా అని పిడికెడు వేశాను.

టేబుల్ మీద పెట్టగానే ఇద్దరూ అబ్బా అన్నారు. నిజంగానే అన్నారు, రంగు అలా ఉంది మరి. మొదటి ముద్ద పెట్టుకున్నాక ఆ అబ్బా మళ్ళీ వినపడింది, ఈసారి వేరే స్వరంలో. మా ఆవిడ నీళ్ళు తాగింది. మళ్ళీ తాగింది. మొదటి ముద్దలోనే ఈగ పడిందంటారే, అలా అయింది నా పని. ఈగ కూడా జంతువే కాబట్టి మా ఇంట్లో అదీ పడకూడదు.

పిచ్చుక కాసేపు చెంచాతో గిన్నె అంచు గీకి, రంగు చాలా బాగుంది నాన్నా అంది. నేను కూడా తిన్నాను. సముద్రం గుర్తొచ్చింది. అయినా ఓటమి ఒప్పుకుంటే మైకెందుకవుతాను? “తడి మీద అలాగే ఉంటుంది. ఆరితే బాగుంటుంది,” అన్నాను.

మర్నాడు తప్పు దిద్దుకున్నాను. ఉప్పు వెయ్యనే లేదు. ఈసారి ఆకుపచ్చ. పాలకూర, బంగాళదుంపలు, చిక్కుడు గింజలు. ఉడుకుతుంటే పాలకూర నల్లబడటం మొదలైంది. రంగు చచ్చిపోతుంటే చూడలేను. వంటసోడా వేస్తే పచ్చదనం నిలుస్తుందని ఎక్కడో విన్నాను. వేశాను. ఏం నిలిచిందండీ, పచ్చదనమంటే అది. తళతళలాడింది. చీకట్లో కూడా కనపడేది.

ఆ పూటే మా బావమరిది ఊడిపడ్డాడు. ప్లంబరు. నీళ్ళు ఎక్కడ కారుతున్నా, వంట ఎక్కడ ఉడుకుతున్నా వాడికి తెలిసిపోతుంది. వాళ్ళక్క వద్దురా అని కళ్ళతో చెబుతూనే ఉంది. వాడు కంచం లాక్కుని కూర్చుని, ఒక ముద్ద పెట్టుకుని, కంచం పక్కకి జరిపాడు.

“బావా, దీన్ని పారబొయ్యొద్దు,” అన్నాడు. “ఒక సీసాలో పోసివ్వు. రేపొకచోట పైపు పూడుకుపోయింది, పనికొస్తుంది.”

పిచ్చుక నవ్వు ఆపుకోలేక నీళ్ళు ముక్కులోకి తెచ్చుకుంది. నాకు ఒళ్ళు మండింది. పైపుల్లో తల పెట్టి బతికేవాడికి రుచి ఏం తెలుస్తుందిరా అన్నాను.

“నాకు తెలీదు సరే. వండేటప్పుడు నీ నోరెక్కడ పెట్టుకున్నావు?”

“ఇంట్లోనే ఉంది, వీధి చివరిదాకా వినపడలేదా?” అని అరిచాను. వాడు నన్ను వింతగా చూసి, అక్క దగ్గర రొట్టెముక్క అడిగి తిని వెళ్ళిపోయాడు. వాడడిగింది వేరు, నేను చెప్పింది వేరు అని అప్పుడు తట్టలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, నా విషయంలో చెప్పేదాంట్లో మునిగి వినడమే ఉండదు.

ఆ తర్వాతి పూట సంగతి వదిలెయ్యండి. బియ్యం, క్యారెట్టు, పుట్టగొడుగులు. పెయింటులాగే ఎక్కువ కదిపితే నురగ వస్తుంది, గీతలు పడతాయి అని కలపకుండా వదిలేశాను. గిన్నె అడుగంటింది. నా ఆశ కూడా. గిన్నెనైతే పీచు పెట్టి తోమాను.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి గిన్నె తోముతుంటే జోకులేవీ రాలేదు. పక్కగదిలో పిల్ల బట్టలు సర్దుకుంటున్న చప్పుడు. బీరువా తలుపు తెరిచి మూసిన చప్పుడు. మా ఆవిడ వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. ఇప్పట్నుంచే ఎందుకే అంది. ఊరికే చూస్తున్నానమ్మా, ఏం తీసుకెళ్ళాలో అంది పిల్ల. ఇద్దరూ మెల్లగా మాట్లాడుకుంటారు, వాళ్ళ మాటలు నాకెప్పుడూ వినపడవు. కుళాయి కట్టేసి విన్నాను కాబట్టి వినపడ్డాయి. ఎన్నాళ్ళుగా ఆ కుళాయి కట్టలేదో.

శుక్రవారం దుకాణంలో సెలవడిగి పెందలాడే వచ్చేశాను. ఇవాళ మళ్ళీ నిద్రపోయే నారింజే. పరువు పోయినచోటే వెతుక్కోవాలి. గుమ్మడికాయ ముక్కలు, టొమాటోలు, శనగలు వేసి, మంట తగ్గించి, మూత పెట్టి, కదుపుతూ, మచ్చలు పెడుతూ, ఆరబెడుతూ ఉండగా పిల్ల వచ్చింది. అది కూడా పెందలాడే వచ్చింది. తడిగొడుగు మూల పెట్టి వంటింటి గుమ్మానికి చేరగిలబడింది.

కిటికీ గట్టు మీద ఆ వారం అట్టముక్కలన్నీ వరసగా ఉన్నాయి. నారింజ, పచ్చ, గోధుమ, వాటి పక్కన తడి ఆరని కొత్త నారింజ. చీమలు ఒక వరసలో వస్తూ, అట్టల దగ్గరికి రాగానే పక్కకి తిరిగి గోడ వెంట పోతున్నాయి. చీమలు కూడా.

“నాన్నా, అవేంటి?”

చెప్పాను. తడి రంగు, పొడి రంగు, ట్యూబులైటు, పగటి వెలుతురు, అన్నీ విడమరిచి చెప్పాను. అది చాలా శ్రద్ధగా విని, గిన్నెలోకి చూసి, నన్ను చూసింది.

“రంగు సరే. రుచి చూశావా?”

“తినేటప్పుడు చూస్తాం కదే.”

“అది కాదు. ఉడుకుతున్నప్పుడు. ఒక్కసారైనా చూశావా?”

“వంట చేస్తూ చేస్తూ తింటారా ఎవరైనా?” అన్నాను. అని, అంటుండగానే ఆగిపోయాను. మా ఆవిడ ఇన్నేళ్ళుగా పొయ్యి దగ్గర అరచేతిలో చుక్క వేసుకుని నాలిక్కి తగిలించుకోవడం గుమ్మంలో కుర్చీ వేసుకుని రోజూ చూస్తున్నవాణ్ణే. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలని ఇంకొకళ్ళకి నీతులు చెప్పేవాణ్ణే. ఆ ఒక్క మెతుకూ ముట్టుకోలేదు.

పిల్ల చెంచాతో కొంచెం తీసి, ఊది, నా చేతికిచ్చింది. ఎత్తాను. చెయ్యి గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ అక్కడే ఆగింది. గడ్డం దగ్గర ఎవరో గోడ కట్టినట్టు. ఆ గోడ రంగు కూడా నాకు తెలుసు.

మా మేస్త్రీ కట్టిన గోడ అది. ఆయన కాలంలో రంగుల్లో సీసం ఉండేది, నోట్లోకి పోతే విషం. కలిపే చేత్తో మూతి ముట్టుకుంటే మణికట్టు మీద పుల్లతో ఒక్కటిచ్చేవాడు. ముక్కు దురదపెట్టినా సరే, మీసం మీద ఈగ వాలినా సరే. పనయ్యాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, గది దాటి బయటికొచ్చాకే చెయ్యి నోటికి. ఇప్పుడు రంగుల్లో సీసం లేదు, మేస్త్రీ లేడు, దెబ్బ మాత్రం మణికట్టులోనే ఉంది. చేతిలో పుల్లో చెంచానో ఉండి, ఎదురుగా కలిపేదేదైనా ఉంటే నా చెయ్యి నోటికి రాదు. ఆ సంగతి అప్పటిదాకా నాకే తెలియదు.

ఇదంతా చెప్పాను. పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ నేల మీద కూలబడింది. “ఊరంతా నోరున్న మనిషి అని పేరు,” అంది కళ్ళు తుడుచుకుంటూ. “వంటలో అసలు నోరే లేదు.” తర్వాత నవ్వు ఆగింది. కానీ కళ్ళు తుడుచుకోవడం ఆగలేదు. లేచి, చెంచా నా చేతిలోంచి తీసుకుని, ఊదింది.

“చేతులు వెనక్కి పెట్టుకో. నోరు తెరువు.”

తెరిచాను. పెట్టింది. దాని చేతికి నా గోడ తెలియదు కదా, నేరుగా లోపలికి వచ్చేసింది.

“ఎలా ఉంది?”

“ఏం లేదు.”

“అదే. ఏం లేదు. ఏం తక్కువైంది?”

ఏం తక్కువైందో నాకెలా తెలుస్తుంది, నేను వంటవాణ్ణా అనబోయాను. కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే తెలిసింది. మబ్బు పట్టిన రోజు గోడలా ఉంది, అంచుల్లేవు, వెలుతురు లేదు అన్నాను. అయితే ఉప్పు అంది. చిటికెడు వేశాను. నోరు తెరిచాను. అంచులు వచ్చాయి. ఇంకొక్క చుక్క అన్నాను. చుక్క కాదు నాన్నా, ఉప్పు పలుకు అంది. వేశాను. మా వెనకగది సూత్రమే. లేతనుంచి ముదురుకి వెళ్ళొచ్చు గానీ ముదురునుంచి లేతకి రాలేం, అందుకే చుక్క చుక్కగా పోవాలి. ఇన్నేళ్ళూ రోజూ చేసే పనే ఇది. ఇంట్లో మాత్రం పిడికెడు పోశాను.

కానీ ఇంకా ఏదో తక్కువగానే ఉంది. తియ్యగా, మెత్తగా, జోకొట్టినట్టు ఉంది. నిద్రపోయే నారింజ నిజంగానే నిద్రపోతోంది. పిల్ల కూడా రుచి చూసి, పులుపు పడాలి, మామూలు పులుపు కాదు, లోతైన పులుపు అంది. నిమ్మకాయ కోశాం, సరిపోలేదు. అలమరలో వెతికి సీసా ఒకటి తీసింది. చింతపండు గుజ్జు. నల్లగా, తారులా.

గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టాను. అది పడితే ఆ రంగు బతకదు. అంత చక్కటి నారింజలో అది పడటమంటే పెళ్ళికూతురి బుగ్గకి మసి పూయడమే. అదే మాట అన్నాను. పిల్ల సీసా నా ముందు పెట్టి, నీ ఇష్టం నాన్నా అంది. పెట్టి, ఫోను బల్ల మీద పెట్టుకుని ఒకసారి చూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది ఇవాళ సాయంత్రం ఎవరు ఫోను చేస్తారో. గిన్నెకేసి చూశాను. నా జీవితంలో కలిపిన రంగుల్లో అదొకటి, షేడు కార్డు పక్కన పెడితే కార్డు సిగ్గుపడేది. చింత లేని వంట చేద్దామనుకుంటే చింతపండు దాపురించింది.

చెంచాడు వేశాను. కలిపాను. నారింజ పోయింది. ఇంకో అరచెంచా అంది. వేశాను. గిన్నెలో ఉన్నది ఇప్పుడు ఆఫీసు మెట్ల పక్కన జనం వీపులు రాసుకునే గోడరంగు. ఆ రంగు కావాలని ఎవరైనా పెచ్చు పట్టుకొస్తే, వద్దండీ, ఇల్లు మారండి అని చెబుతాను. చివర్లో పిల్ల నువ్వులు వేయించి పైన చల్లింది. నోరు తెరిచాను.

ఏం చెప్పమంటారు? నేను మాట్లాడలేదు. అదే చెప్పడం.

మా ఆవిడ వచ్చేసరికి కిటికీ అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. చేతిసంచి కుర్చీకి తగిలిస్తూ అలవాటుగా పొయ్యి వైపు నడవబోతే పిల్ల భుజాలు పట్టుకుని కూర్చోబెట్టింది. గిన్నె మూత తీశాను. ఆవిడ లోపలికి ఒకసారి చూసి కంచం ముందుకి జరుపుకుంది. ఆ రంగు చూసి ఏమైనా అనే ధైర్యం ఎవరికుంటుంది? నేనూ ఆరితే బాగుంటుందని చెప్పలేదు. ఆవిడ ఒక ముద్ద తింది. ఆగింది. రెండోది తింది. గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి. నేను ఆ గ్లాసుకేసే చూస్తూ కూర్చున్నాను.

మారు వడ్డించుకుంటూ, “మీరు తినరా?” అంది. అప్పుడు నాకు ఆకలేసింది.

ముగ్గురం ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటూ ఉండగా ఫోను మోగింది. పిల్ల నోటినిండా ఉంది. మింగి, ఫోను ఎత్తింది. నేను మాట్లాడటం మానేశాను. మా ఆవిడ ఊపిరి బిగబట్టింది, ఈసారి నా వల్ల కాదు.

“లేదే, నేను రావట్లేదు,” అంది. “అమ్మకి ఒకటే వంట ఇప్పుడు, అదీ అమ్మ చెయ్యట్లేదు. ఇంకోటుంది. ఇక్కడ వంటాయనకి నోరు లేదు. నేనే నోరు.”

అవతలి అమ్మాయి ఏదో అడిగింది. పిల్ల నా వైపు చూసి, ఆ అరిచేది ఆయనే, అది వేరే నోరు అని చెప్పి పెట్టేసింది. నేను అరవలేదు. సంతోషం పట్టలేక గరిటెతో గిన్నె వాయించానంతే. గిన్నె ఒకటే కాబట్టి ఎక్కువ చప్పుడు రాలేదు.

ఇది జరిగి కొన్నాళ్ళయింది. ఇప్పుడు రోజూ ఇంతే. నేను కోస్తాను, ఉడికిస్తాను, చేతులు వెనక్కి కట్టుకుంటాను. పిల్ల ఊది నోట్లో పెడుతుంది. మబ్బు అంటాను, ఉప్పు అంటుంది. ఎండ ఎక్కువ అంటాను, దుంపముక్క వెయ్యి అంటుంది. మా ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. జోకులు ఆవిడే వేస్తుంది. నాకంటే బాగా వేస్తుంది, ఇన్నేళ్ళూ ఎక్కడ దాచుకుందో. నాన్న చెయ్యి అలవాటుపడేదాకా నేను ఇక్కడే ఉండాలి, రుచి చూడటం రాగానే గది వెతుక్కుంటానని పిల్ల మా బావమరిదితో అంది. వాడు, అయితే ఇంకెక్కడికి వెళ్తావే అని నన్నోసారి చూశాడు. ప్లంబరు కదా, ఎక్కడ కారుతుందో వాడికి తెలుస్తుంది.

మొన్న వాన. పిల్ల ఆలస్యమైంది. నేనొక్కణ్ణే పొయ్యి దగ్గర. నువ్వులు చిటపటలాడుతున్నాయి. ఆ వాసనకి ఒళ్ళు మరిచి చెంచా ఎత్తాను. గడ్డం దాటింది. మీసం దాటింది. మేస్త్రీ ఎక్కడా కనపడలేదు. నోట్లో పెట్టేసుకున్నాను. కాస్త ఉప్పు పడాలి. వేశాను, మళ్ళీ చూశాను, సరిపోయింది. దొంగలా అటూ ఇటూ చూసేసరికి గుమ్మంలో మా ఆవిడ. ఎప్పట్నుంచి నిలబడి ఉందో తెలియదు. చెంచా వీపు వెనక్కి దాచాను. ఆవిడ నన్ను ఫిల్ము చూసినట్టు చూసింది. ఈసారి దొరికింది.

“మీసానికి నువ్వుగింజ అంటింది,” అంది మెల్లగా. “తుడుచుకోండి. పిల్ల మెట్లెక్కుతోంది.”

తుడుచుకున్నాను. దుకాణంలో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తలుపు తీసుకుని పిల్ల లోపలికి వచ్చేసరికి నేను చేతులు వెనక్కి కట్టుకుని, పొయ్యి పక్కన, నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాను.